తొమ్మిది సెకన్ల చేప ఎక్కడా లేదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల చదువు మీదో, సెల్‌ఫోన్ల మీదో వ్యాసం వచ్చిందంటే అందులోకి ఒక చేప ఈదుకుంటూ వచ్చేస్తుంది. "మనిషి ఏకాగ్రత 12 సెకన్ల నుంచి 8 సెకన్లకు పడిపోయింది, గోల్డ్‌ఫిష్‌కైనా 9 సెకన్లు ఉంటుంది" అన్న మాట ఆదివారం అనుబంధాల్లోనూ, కోచింగ్ సెంటర్ల కరపత్రాల్లోనూ, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లోనూ ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఇందులోని మూడు అంకెల్లో ఒక్కటైనా ఏ ప్రయోగంలో తేలిందో ఇంతవరకూ ఎవరూ చూపలేదు. జంతువుల మెదడు గురించి పాఠాలు చెప్పేవాళ్లం కనుక, చేప తరఫున నాలుగు మాటలు రాస్తున్నాం. ఉత్తరం కాస్త పొడవే, మన్నించాలి.

ముందు ఆ అంకెల పుట్టుక. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం ప్రకటనకర్తల కోసం ఒక నివేదిక వేసింది. 2000లో 12 సెకన్లు, 2013లో 8 సెకన్లు, గోల్డ్‌ఫిష్‌కు 9 అని అందులో బొమ్మ గీసి పెట్టారు. ఆ నివేదిక కోసం సర్వే చేసిన మాట, కొందరి మెదడు తరంగాలు కొలిచిన మాట నిజమే. ఈ అంకెలు మాత్రం ఆ కొలతల్లోవి కావు. స్టాటిస్టిక్ బ్రెయిన్ అనే వెబ్‌సైట్ నుంచి ఎత్తి రాసినవి. 2017లో బీబీసీ విలేకరి ఒకరు ఆ సైట్ పేర్కొన్న ఆధారాల వెంటపడితే వాటి వెనక పరిశోధన ఏదీ దొరకలేదు. చేప అంకె సంగతీ అంతే.

గోల్డ్‌ఫిష్ జ్ఞాపకం గురించి తెలియనిదేమీ కాదు. 1960లలోనే మిషిగన్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ ఆగ్రనాఫ్ బృందం జ్ఞాపకం ఎలా స్థిరపడుతుందో తెలుసుకోవడానికి ఈ చేపనే ఎంచుకుంది. తొట్టె మధ్యలో చిన్న అడ్డుగోడ ఉంటుంది. దీపం వెలిగాక కాసేపట్లో అవతలి అరలోకి దాటకపోతే చేపకు స్వల్పంగా కరెంటు తగులుతుంది. మొదటిరోజు 20 ప్రయత్నాలు, కొన్ని రోజుల తర్వాత మరో 10. మామూలు చేపలు మొదటిరోజు నేర్చుకున్నది నిలుపుకొని అక్కడి నుంచే కొనసాగించాయి. పాఠం అయిన వెంటనే ప్రోటీన్ తయారీని ఆపే ప్యూరోమైసిన్ మందును మెదడు దగ్గర ఎక్కిస్తే ఆ జ్ఞాపకం నిలవలేదు. అదే మందు గంట ఆగి ఇస్తే ఏమీ కాలేదు. దీర్ఘకాల జ్ఞాపకానికి కొత్త ప్రోటీన్లు కావాలన్న సంగతి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కడానికి ఈ చేపే ఒక కారణం. తొమ్మిది సెకన్లకు మించి ఏదీ నిలవని జీవి మీద రోజుల జ్ఞాపకాన్ని ఎవరు పరీక్షిస్తారు?

గోల్డ్‌ఫిష్ మన చెరువు చేపలకు దగ్గరి చుట్టం, కార్పు కుటుంబానిదే. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో తవుడు నింపి చిల్లులు పెట్టిన సంచులను కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. బొచ్చె, శీలావతి వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుంటేనే మేత బయటికి వస్తుంది. సంచి ఎక్కడ, మేత వేళ ఎప్పుడు, తవుడు ఎలా లాగాలి అన్నవి చేపలు నేర్చుకోకపోతే ఆ పద్ధతి ఒక్క పంటకైనా నిలిచేది కాదు. ఆ రైతులను అడిగినా తొమ్మిది సెకన్ల కథకు నవ్వుతారు.

నేర్చుకోవడం ఒక ఎత్తు, నేర్చినదాన్ని పరిస్థితిని బట్టి మార్చుకోవడం మరో ఎత్తు. ఇందులోనూ గోల్డ్‌ఫిష్ వెనకబడిందేమీ కాదు. స్పెయిన్‌లో సెవిల్ విశ్వవిద్యాలయం వాళ్లు చేపలకు రెండు రకాలుగా శిక్షణ ఇచ్చారు. కొన్నింటికి మేత ఉన్న చోట ఒక గుర్తు పెట్టి, దాని దగ్గరికి వెళ్లడం నేర్పారు. మరికొన్నింటికి అలాంటి గుర్తు లేకుండా, చుట్టూ గదిలో కనిపించేవాటిని బట్టి మేత ఉన్న చోటు పోల్చుకోవడం నేర్పారు. తర్వాత ముందు మెదడులో ప్యాలియం అనే భాగపు పక్క అంచును తొలగించి చూశారు. గుర్తును పట్టుకు వెళ్లే చేపలకు ఇబ్బంది రాలేదు. చోటును పోల్చుకోవాల్సిన చేపలు దారి తప్పాయి. బయలుదేరే చోటు మార్చినా గమ్యం చేరగలగడం ఆ భాగం చలవే. మనలో ఆ పని హిప్పోకాంపస్‌ది. ప్యాలియం లోపలి వైపు తొలగిస్తే చోటు పాఠం చెక్కుచెదరలేదు, కరెంటును తప్పించుకునే పాఠం చెడింది. అంటే అది మనలో భయాన్ని గుర్తుపెట్టుకునే అమిగ్డలాకు సాటి. చేపకు మన మెదడు పైభాగంలోలా పొరలు పొరలుగా ఉండే కార్టెక్స్ లేదు, అయినా పని విభజన ఉంది.

2022లో ఇజ్రాయెల్‌లోని బెన్‌గురియన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకాస్త ముందుకెళ్లారు. చక్రాల బండి మీద నీళ్లతొట్టె పెట్టి, పైనున్న కెమెరాతో చేప ఏ గోడ దగ్గర ఉంది, ఎటు తిరిగి ఉంది అన్నది చూసి బండిని అటే నడిపించారు. ఆరు చేపలూ గదిలోని రంగు పలక దగ్గరికి బండి తోలి మేత సంపాదించాయి. బయలుదేరే చోటు మార్చినా, తప్పుడు రంగు పలకలు పెట్టినా గమ్యం చేరాయి. వార్తల్లో ఇది వింతగా వచ్చిపోయింది. నీళ్లలో నేర్చిన దారి తెలివి నేల మీద పనిచేయడమే అందులో అసలు విశేషం.

ఇక అవధానం, అంటే దృష్టి నిలపడం. కంటికి కనిపించే వంద వస్తువుల్లో ఒకదాన్ని ముందుకు తెచ్చి మిగతావాటిని వెనక్కి నెట్టే పని మెదడులో చాలా పాత భాగాలదే. చేపల్లో, పక్షుల్లో దాన్ని ఆప్టిక్ టెక్టమ్ అంటారు. మనలో అదే సుపీరియర్ కాలిక్యులస్. ఎదుటి ప్రపంచం దాని మీద పటంలా పరుచుకుని ఉంటుంది. బార్న్ ఔల్ గుడ్లగూబల్లో ఎరిక్ నుడ్సెన్ బృందం చూపినదాని ప్రకారం, టెక్టమ్ పక్కనే ఉండే ఒక చిన్న కణాల గుంపు ఈ పటంలో బలంగా మోగిన, అంటే గట్టిగా స్పందించిన, చోటును వదిలి మిగతా అన్ని చోట్లనూ అణచివేస్తుంది. 2012లో జెనాన్, క్రౌజ్లిస్ కోతుల్లో సుపీరియర్ కాలిక్యులస్‌ను కాసేపు మందుతో నిద్రపుచ్చారు. కోతులు చూడాల్సిన చోటు మీద దృష్టి నిలపలేకపోయాయి. అదే సమయంలో పైనున్న దృష్టి కార్టెక్స్‌లోని కణాలు మాత్రం దృష్టి పెట్టినట్టే మోగుతూ ఉన్నాయి. ఏకాగ్రత అంటే నుదుటి వెనకున్న కార్టెక్స్ వ్యవహారమేనని రాసేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి. అలాగని పై భాగాల పాత్ర లేదనడం లేదు. 2003లో మూర్, ఆర్మ్‌స్ట్రాంగ్ కోతి ముందు కార్టెక్స్‌లో కళ్లు తిప్పే ప్రాంతానికి, కళ్లు కదలనంత తక్కువ కరెంటు ఇస్తే, ఆ దిక్కును చూసే, మెదడు వెనక భాగపు కణాల స్పందన పెరిగింది. రెండు అంతస్తులూ కలిసే పనిచేస్తాయి.

దీన్ని కొలిచేదెలా? ఎలుకలకు ఎక్కువగా వాడేది కేంబ్రిడ్జ్‌లో ట్రెవర్ రాబిన్స్ బృందం 1980లలో రూపొందించిన ఐదు రంధ్రాల పెట్టె. ఒక గోడకు ఐదు రంధ్రాలు, ఎదురు గోడకు మేత గూడు. 5 సెకన్ల విరామం తర్వాత ఏదో ఒక రంధ్రంలో అర సెకను దీపం వెలుగుతుంది. ఎలుక 5 సెకన్ల లోపు అందులో ముక్కు పెడితే 45 మిల్లీగ్రాముల గుళిక. తప్పితే 5 సెకన్లు చీకటి. ఒక పూటకు 100 ప్రయత్నాలు లేదా 30 నిమిషాలు, ఏది ముందైతే అది. ఈ స్థాయికి తేవడానికి వారాలు పడుతుంది. 80 శాతానికి పైగా సరిగ్గా పొడిచి, 20 శాతానికి లోపు వదిలేస్తేనే ఎలుక అసలు పరీక్షకు సిద్ధమైనట్టు.

ఇక్కడ తప్పులన్నీ ఒకటి కావన్నది ముఖ్యం. వేరే రంధ్రంలో పొడిస్తే దృష్టి లోపం. దీపం వెలగకముందే పొడిస్తే అది తొందరపాటు. అసలు పొడవకపోతే దృష్టి లేకపోవచ్చు, కడుపు నిండి ఉండవచ్చు, మందు మత్తు కావచ్చు. అందుకే మేత తీసుకోవడానికి ఎంత సేపు పట్టిందో విడిగా రాసుకుంటారు. ఆ సమయం కూడా పెరిగితే గొడవ ఆకలిదో ఒంటిదో అని అర్థం. దీపం వెలిగే సమయాన్ని పావు సెకనుకు తగ్గిస్తే తప్పు రంధ్రాలు పెరుగుతాయి. విరామాన్ని పొడిగిస్తే తొందరపాటు పెరుగుతుంది. ఒకే ఎలుక, ఒకే రోజు, రెండు వేర్వేరు బలహీనతలు. ఈ మొత్తాన్ని "ఏకాగ్రత ఇన్ని సెకన్లు" అన్న ఒక్క అంకెలో కుదించేదెలా? మనుషుల్లోనూ ఇంతే. 1948లో నార్మన్ మ్యాక్‌వర్త్ రాడార్ పరిశీలకుల పని కోసం రెండు గంటల గడియారపు ముల్లు పరీక్ష పెడితే, మొదటి అరగంట తర్వాత ముల్లు గెంతును పట్టుకోవడం తగ్గింది. అక్కడి ప్రమాణం అరగంట. పరిశోధకురాలు గ్లోరియా మార్క్ కంప్యూటర్ తెర మీద ఒక పని నుంచి మరో పనికి మారే సమయం కొలిస్తే ఈ మధ్య కాలంలో సగటు 47 సెకన్లు వచ్చింది. అది మారే అలవాటు కొలత, నిలపగల శక్తి కొలత కాదు. మన అష్టావధానాన్నే చూడండి. నిషిద్ధాక్షరి వచ్చే అక్షరాన్ని ఆపుతుంది, అప్రస్తుత ప్రసంగి దృష్టి మళ్లిస్తాడు, గంటల లెక్క వెనక నడుస్తూనే ఉండాలి, ఒక్కో పృచ్ఛకుడి దగ్గర నియమం మారుతుంది, చివర ధారణ. ఎనిమిది పరీక్షలు ఎనిమిది రకాలవి కాబట్టే ఎనిమిది మంది కూర్చుంటారు.

నియమం మారినప్పుడు మెదడు ఏం చేస్తుందన్నదే మాకు అన్నిటికంటే ఆసక్తి. 2000లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బిరెల్, వెరిటీ బ్రౌన్ కలిసి ఎలుకలకు గిన్నెల పరీక్ష తయారుచేశారు. రెండు గిన్నెలు, ఒక్కో దానికి ఒక్కో వాసన, లోపల ఒక్కో రకం పొట్టు. ఒకదాంట్లోనే తీపి అటుకు ముక్క పాతిపెట్టి ఉంటుంది. మొదట వాసన బట్టి ఎంచుకోవాలి. వరసగా ఆరు సార్లు సరిగ్గా తవ్వితే తర్వాతి మెట్టు. ఒకసారి మేత ఉండే వాసన తారుమారవుతుంది. ఒకసారి వాసనలూ పొట్టూ అన్నీ కొత్తవి, నియమం మాత్రం వాసనదే. మరోసారి అన్నీ కొత్తవి, నియమం కూడా మారి పొట్టు చూడాలి. ఏడు మెట్లు, ఒకే పూటలో. వాసన మీద పెట్టిన దృష్టిని పొట్టు మీదికి మళ్లించే మెట్టులోనే మామూలు ఎలుకకు ఎక్కువ ప్రయత్నాలు పడతాయి. ఎలుక "వాసనే ముఖ్యం" అన్న పట్టు పెంచుకుందనడానికి ఆ తేడాయే సాక్ష్యం. మామూలు ఎలుకల్లో ఆ తేడా రాకపోతే పరీక్ష వృథా, పట్టే లేనప్పుడు వదిలించుకునేదేముంది? ఇంకో చిక్కు, ఎలుక అటుకు వాసన పట్టేస్తుంది. అందుకే రెండు గిన్నెల్లోనూ అదే అటుకు పొడి కలపడం, మధ్యలో కొన్నిసార్లు మేత లేకుండా చూడడం తప్పనిసరి. ప్రతి మెట్టులో మొదటి నాలుగు ప్రయత్నాల్లో తప్పు గిన్నె తవ్వినా సరిదిద్దుకోనివ్వాలి, లేకపోతే కొత్త వస్తువులు చూసే అవకాశమే ఉండదు.

ముందు మెదడు లోపలి వైపు కార్టెక్స్ దెబ్బతిన్న ఎలుకలు ఈ మళ్లింపు మెట్టులోనే తడబడ్డాయి, తారుమారు మెట్లలో బాగానే ఉన్నాయి. 2003లో కంటిగూటి పైనున్న ఆర్బిటోఫ్రంటల్ భాగం దెబ్బతీస్తే కథ తిరగబడింది, తారుమారు కష్టమైంది, మళ్లింపు బాగుంది. 1996లోనే డయాస్, రాబిన్స్, రాబర్ట్స్ మార్మోసెట్ కోతుల్లో ఇలాంటి విభజనే చూపారు. ఇది అంత సూటి బొమ్మ కాదని కూడా చెప్పాలి. 2013లో మకాక్ కోతుల్లో ఆర్బిటోఫ్రంటల్ కణాలను మాత్రమే రసాయనంతో తొలగించి, ఆ దారిన పోయే నరాల తీగలను వదిలేస్తే, తారుమారు పాఠానికి దెబ్బ తగల్లేదు. పాత ప్రయోగాల్లో భాగాన్ని పీల్చి తీసేసినప్పుడు తీగలూ పోయాయన్నమాట.

కణాలతోపాటు, వాటి మధ్య సందేశాలు మోసే సెరటోనిన్, నోరడ్రెనలిన్ వంటి రసాయనాలదీ వాటా. 2004లో మార్మోసెట్ల ముందు మెదడులో సెరటోనిన్ తగ్గిస్తే అవి మేత లేని పాత ఎంపికనే పట్టుకు వేలాడాయి. ఎలుకల్లో ముందు మెదడుకు నోరడ్రెనలిన్ అందకుండా చేస్తే మళ్లింపు మెట్టు చెడింది. ఆ నోరడ్రెనలిన్ పంపే లోకస్ సెరూలియస్ అనే చిన్న భాగంలో ఎలుకకు రెండు వైపులా కలిపి సుమారు 3,000 కణాలే. మొత్తం మెదడులో ఉన్నవి దాదాపు 20 కోట్లు. తేనెటీగకు మొత్తం మీద పది లక్షలకు కాస్త తక్కువ. 2007లో తేనెటీగ మెదడులోని పుట్టగొడుగు ఆకారపు భాగాలకు మత్తుమందు ఇస్తే, ఒక వాసనకు తీపి, మరోదానికి లేదు అన్న మొదటి పాఠం నేర్చుకుంది. వాసనలు తారుమారు చేస్తే మాత్రం మార్చుకోలేకపోయింది. నేర్చుకునే యంత్రం, మార్చుకునే యంత్రం అంత చిన్న తలలోనూ వేర్వేరుగానే ఉన్నాయి.

మీ విద్యార్థుల పేజీలో చేప అంకె బదులు ఒక పరీక్ష వేయండి. గుండ్రటి గాజు బౌల్ వద్దు, 60 లీటర్ల తొట్టె, గాలి పంపు ఉండాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి 24 గంటలు నిలవ ఉంచాలి. చేపను వారం రోజులు అలవాటుపడనివ్వాలి. నీళ్ల మీద తేలే రెండు ప్లాస్టిక్ రింగులు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మొదటిరోజు మేత లేకుండా ఏ రంగు వైపు ఎక్కువ వెళ్తుందో రాసుకోవాలి. దుకాణంలో ఏ రంగు డబ్బా నుంచి మేత వేసేవారో మనకు తెలియదు కదా. తర్వాత, వెళ్లకపోయిన రంగును సరైనదిగా పెట్టుకోవాలి. చేప ఆ రింగు కిందికి వచ్చాకే ఒక చిన్న గుళిక వేయాలి. ముందే వేస్తే అది గుళికను చూసి వస్తుంది, రంగును కాదు. రోజుకు పది ప్రయత్నాలు, ఆ రోజు తిండి అంతా అందులోనే. కుడి ఎడమలు బొమ్మ బొరుసుతో నిర్ణయించాలి, ఒకే వైపు మూడుకు మించి వరసగా రాకూడదు. చేయి ఎప్పుడూ మధ్య నుంచే రావాలి. లేకపోతే చేప మీ చేతినే చదువుతుంది. 1907లో లెక్కలు చేస్తుందన్న జర్మనీ గుర్రం హాన్స్ మనుషుల కదలికలు చూసి జవాబు చెబుతోందని ఫుంగ్‌స్ట్ తేల్చింది ఇలాంటి పొరపాటే.

రెండు రోజులు వరసగా పదికి ఎనిమిది వస్తే రంగు తారుమారు చేయాలి. ఇప్పుడు తప్పులను రెండు వరసల్లో రాసుకోవాలి. పదికి ఎనిమిది పైగా పాత రంగుకే వెళ్లే రోజులు ఒక వరస, అది పాతదాన్ని వదలలేకపోవడం. సగం సగం వస్తున్న రోజులు మరో వరస, పాతది వదిలింది, కొత్తది ఇంకా అందలేదు. అయితే సగం మార్కులు ఎప్పుడూ ఎడమకే వెళ్లే చేపకూ వస్తాయి కనుక వైపుల వారీగా లెక్క తప్పనిసరి. ఆఖరి రెండు మూడు ప్రయత్నాల్లో కదలకపోతే కడుపు నిండిందని, మరిచిపోయిందని కాదు. డిసెంబరు, జనవరిలో చేస్తే మంచిది. మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గి చేప పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది, పిల్లలు దాన్ని ఆసక్తి అనుకుంటారు.

ఇకపై ఏకాగ్రత సెకన్ల మీద రచన వస్తే, అచ్చుకు ముందు దాని రచయితను మూడు మాటలు అడగమని మనవి. ఏ పరీక్ష, సంకేతం ఎంతసేపు కనిపించింది, తప్పులు ఏ రకానివి? జవాబు రాకపోతే ఆ వాక్యం తీసేయండి. గోల్డ్‌ఫిష్ బొమ్మ వేయడం తప్పదనుకుంటే, రెండు రింగులతో వేయండి.

ఇట్లు,
జంతు ప్రవర్తన, నాడీశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
విశాఖపట్నం